అత్త గొంతు ఉన్న ఫైలు

మిక్సీలు బాగుచేస్తూ, పాడైన కంప్యూటర్లు విప్పి చూస్తూ ప్రోగ్రాములు రాయడం తనంతట తానే నేర్చుకున్నాడు మామయ్య. ఆయన రాసినవాటిలో ప్రాణంతో సమానమైనది ఒక్కటే. బస్సులో తర్వాతి స్టాపు పేరు పైకి చదివే ప్రోగ్రాము అది. అంధుల బడి పిల్లల కోసం చేశాడు. చదివేది భార్య గొంతు. తర్వాత ఆమెకు గొంతు ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు గుసగుస తప్ప మాట పెగలదు.

ఆ ఉదయం చెల్లెలి కూతురు ఆ ప్రోగ్రామును కొత్త కంప్యూటరుకు సర్దుతోంది. ప్రోగ్రామును ఎలా తయారుచేయాలో మెషిన్‌కు చెప్పే మేక్‌ఫైల్‌లో క్లీన్ అని ఒక రూలు ఉంటుంది. మెషిన్ తయారుచేసిన ఫైళ్ళు తుడిచేసి, మనిషి రాసినవి మాత్రం ఉంచుతుంది. గొంతు ఫైలు కూడా మెషిన్ చేసిందే కదా అని, ఆ పిల్ల దాని పేరూ అందులో చేర్చి నడిపేసింది.

“మామయ్యా, గొంతు ఫైలు మళ్ళీ తయారవ్వట్లేదు. దాన్ని చేసే టూలు లేదంటోంది.”

మామయ్య చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఆ టూలు, రికార్డింగులు అన్నీ పాత మెషిన్‌లో ఉండేవి. అది ఏనాడో కాలిపోయింది. ఇంట్లో ఉన్న కాపీ ఇదొక్కటే.

పిల్ల కళ్ళు నిండాయి. వంటింట్లోంచి వచ్చిన అత్తకు సంగతి అర్థమైంది.

“నా నోరు మూయించడం మీ వంశంలో ఎవరి వల్లా కాలేదు. నువ్వు సాధించావే,” అంది గుసగుసగా.

మామయ్యకు నవ్వు రాలేదు.

“మరి బడివాళ్ళ దగ్గర ఆ టూలు ఉందా?” అంది పిల్ల ముక్కు తుడుచుకుంటూ.

“వాళ్ళకెక్కడిదే! అందుకేగా తయారైన ఫైలునే ప్రోగ్రాముతో కలిపి ప్యాకేజీలో పెట్టి వాళ్ళకు…” మామయ్య మాట మధ్యలోనే లేచి చెప్పులేసుకున్నాడు.

బడి ఆఫీసు కంప్యూటర్‌లో ఆ ప్యాకేజీ చెక్కుచెదరకుండా ఉంది. ఇంటికి తెచ్చాక క్లీన్‌లోంచి ఆ పేరు పిల్లే తీసేసింది.

“మన ప్యాకేజీ ఎవరి చేతికెళ్ళినా, అక్కడ మళ్ళీ తయారుచేసుకోగలిగినవే తుడవాలమ్మా,” అన్నాడు మామయ్య.

ప్రోగ్రాము నడిచింది. “తర్వాతి స్టాపు, ఆసుపత్రి.” అత్త పెదవులు కూడా కదిలాయి.

“ఏమండీ, అక్కడ తుమ్ము ఆపుకుని చదివాను, తెలుస్తోందా?”

మామయ్య తల అడ్డంగా ఊపి, ఆ స్టాపు మళ్ళీ పెట్టాడు.