కూలర్ గాలికి రాలిన ముఖం

తడిసిన కూలర్ గడ్డి వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొన్న మా వీధిలో ఎవరో ఎండలు ముదరకముందే కూలర్ బయటికి తీశారు. ఆ వాసనతో యాకూబ్ సారూ, కొత్తగూడెంలోని మా పాత క్లబ్బు హాలూ, ఆ క్లబ్బు సెక్రటరీ నవ్వూ వరసగా గుర్తొచ్చాయి. సెక్రటరీ పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు. నేను ఉంచుకున్నాను.

యాకూబ్ సార్ బొగ్గుగనిలో ఇంజనీరు. గని పైకప్పు ఎక్కడ విరుగుతుందో ముందే లెక్కకట్టడం ఆయన పని. ఎనభైలలో నేను ఆయన కింద జూనియర్ని. క్లబ్బు హాల్లో ఒక పాత ఆయిల్ పెయింటింగ్ ఉండేది, గనిలోంచి పైకి వస్తున్న పదకొండు మంది కార్మికులది. అందులో దీపం పట్టుకున్న మూడో మనిషి సార్ వాళ్ళ నాన్న. గని కప్పు కూలి చనిపోయారు. ఆయనకు వేరే ఫొటో ఒక్కటీ లేదు.

ఆ బొమ్మ మీద రంగు బీటలిస్తోందని మొదట గమనించింది సారే. గనిలో మేం కర్రతో కప్పును తట్టి, బోలుగా మోగితే పక్కకు తప్పుకునేవాళ్ళం. ఆయన బొమ్మ గీసిన గుడ్డను వెనకనుంచి గోరుతో అలాగే తట్టి విన్నారు. తర్వాత గ్రాఫ్ కాగితం మీద బొమ్మను గళ్ళుగా విడగొట్టి, ఏ గడిలో ఎంత లాగుడు పడుతుందో, రంగు ఎంతవరకు ఓర్చుకుంటుందో లెక్కవేశారు.

"ఒక్క ఎండకే పగుల్తలేదురా. కూలర్ పెడితే గుడ్డ మీది జిగురు ఉబ్బుతది, బంద్ చేస్తే గుంజుకుంటది. రంగేమో ముసల్దైంది, సాగది. బాయిల కప్పు గూడ గిట్లనే పోతది" అన్నారు. మా దగ్గర గనిని బాయి అంటారు.

నమూనా కోసం రంగు ఎండి బిరుసెక్కిన పాత గుడ్డ బ్యానరు ముక్కను చట్రానికి బిగించి, కాసేపు కూలర్ ముందు, కాసేపు ఎండలో పెడుతూ వచ్చాం. పన్నెండో రోజున సరిగ్గా ఆయన పెన్సిలుతో గుర్తు పెట్టిన మూలే రంగు పగిలింది. లెక్క సరిపోయిందని నేను ఎగిరాను. ఆయన ముఖం పాలిపోయింది. బొమ్మలో వాళ్ళ నాన్న ఉన్నది ఆ మూలే.

ఆ చట్రం పట్టుకుని సెక్రటరీ దగ్గరికి వెళ్ళాం. బొమ్మ పక్కనున్న కూలర్‌ను ఇంకో గోడకు మార్చమన్నాం, అంతే.

"మీరు బాయిల కప్పు సూస్కోండ్రి సారూ. బొమ్మకు జరమొచ్చిందా ఏంది?" అని నవ్వాడు ఆ మూర్ఖుడు.

తర్వాతి నెలలో ఎవరో కంపెనీ పెద్ద ఆఫీసరుకి హాల్లో సన్మానం. "నేను డ్యూటీ దిగి వచ్చేదాక కూలర్ పెట్టనియ్యకు" అని నన్ను కాపలా ఉంచి సార్ గనిలోకి వెళ్ళారు. సెక్రటరీ నా చెవి దగ్గరికి వచ్చాడు. "స్టేజీ మీదున్నాయనకు చెమటలు పడ్తున్నయ్. జల్దీ స్విచ్చెయ్యి. నీ ప్రమోషన్ ఆయన చేతుల్నే ఉంది."

వేశాను. కూలర్ నాలుగు గంటలు తిరిగింది. మూడో రోజు మధ్యాహ్నానికి దీపం మిగిలింది, ముఖం రాలిపోయింది.

సార్ నేల మీద కూర్చుని రంగు పెచ్చుల్ని టిఫిన్ మూతలోకి ఏరుకున్నారు. "లెక్క తప్పలే" అన్నారు. రాలిన గళ్ళు గ్రాఫ్‌లో నింపమని పెన్సిలు నా చేతికిచ్చారు. పద్నాలుగు గళ్ళు నింపాను.

ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఆయన నేర్పిన లెక్కతోనే తర్వాత రెండుసార్లు మనుషుల్ని గని కప్పు కింద నుంచి లేపి పంపేశాను. రెండుసార్లూ పైవాళ్ళు వద్దన్నారు, నేను వినలేదు. కానీ స్విచ్ ఎవరు వేశారని సార్ నన్ను ఒక్కనాడూ అడగలేదు. అడిగి చెంప పగలగొట్టినా బాగుండేది. సెక్రటరీని ఇన్నేళ్ళుగా అందరి దగ్గరా తిడుతూనే ఉన్నాను. స్విచ్ వేసింది నేనని చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి.