పరుగెత్తక ముందే చెప్పిన సాక్ష్యం

సముద్రం పక్కన గుట్టలెక్కి దిగే నలభై రెండు కిలోమీటర్ల మారథాన్‌ను నేనూ మా తోటికోడలూ రెండుసార్లు పూర్తి చేశాం. రెండోసారి కాళ్ళతో చేశాం. మొదటిసారి మాకు తెలియకుండానే, ఖమ్మంలో మా చర్చిలో, మా అత్తమ్మ నోటితో పూర్తయిపోయింది.

చర్చికి పోయే అలవాటు లేనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. మా దగ్గర ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాల వేళ అని ఒకటుంటుంది. ఆ వారం దేవుడు తనకు ఏ మేలు చేశాడో ఎవరైనా లేచి నాలుగు మాటల్లో చెప్పొచ్చు. జ్వరం తగ్గిందని ఒకరు, పిల్లకు సీటొచ్చిందని ఒకరు చెప్తారు, అందరూ స్తోత్రం అంటారు. ఇందులోనే ఇంకో రకం ఉంది, అది గుండె ధైర్యం ఉన్నవాళ్ళది. ఇంకా జరగనిదాన్ని జరిగిపోయినట్టే చెప్పి ముందస్తుగా కృతజ్ఞత చెల్లించడం. "విశ్వాసంతోని చెప్తున్న" అని మొదలుపెడితే ఇక ఎవరూ అడ్డు ప్రశ్న వేయరు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, ఆ సామెతను మావాళ్ళు ప్రార్థన చేసేశారు. కొడుకు పేరు మాత్రం బైబిల్లో వెతుక్కుంటారు.

మా అత్తమ్మ ఒకప్పుడు ఇలాంటి సాక్ష్యాలకు పేరు మోసిన మనిషి. కొడుకుల ఉద్యోగాలు, నా కాన్పు, అన్నీ ముందే చెప్పింది, అన్నీ జరిగాయి. తర్వాత మా మామయ్య దవాఖానాలో పడ్డాడు. ఆయన లేచి నడిచి ఇంటికొచ్చాడని నిండు సభలో చెప్పింది. ఆ వారమే ఆయన పోయాడు. చర్చిలో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అందరూ అంత జాగ్రత్తగా ఏమీ అనకపోవడమే ఆమెకు పెద్ద శిక్ష అయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి సాక్ష్యాల వేళ వస్తే తల వంచుకుని పాటల పుస్తకం తిప్పుతూ కూర్చునేది.

ఇక మా పరుగు సంగతి. నేను ఒక దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఊళ్ళోవాళ్ళ షుగర్లన్నీ పరీక్ష చేసి, ఒకరోజు సరదాకి నాది చూసుకుంటే నవ్వు ఆగిపోయింది. నడక మొదలుపెట్టాను. ఒక్కదాన్నే నడవడం విసుగనిపించి తోటికోడల్ని లాగాను. ఆమె భద్రాచలం వైపు అడవి ఊళ్ళో టీచరు. వారమంతా అక్కడ కిరాయి గదిలో ఉండి శనివారం ఇంటికొస్తుంది. చిన్నది కాబట్టి నన్ను అక్కా అంటుంది, కానీ పరుగులో నాకు అక్క ఆమే. నడక పరుగైంది, పరుగు పిచ్చి అయింది. ఎండాకాలం మొదట్లో మిర్చి యార్డు పక్క రోడ్డులో పరిగెత్తితే ఘాటుకు అడుగుకో తుమ్ము వచ్చేది. అలా తుమ్ముకుంటూనే సగం మారథాన్ దూరం దాకా పోగలిగాం.

పెద్ద పరుగుకు మా ఇద్దరి పేర్లూ ఇచ్చింది ఆమే. విశాఖ సముద్రం ఒడ్డు అని విని నేను సంతోషపడ్డాను, సముద్రం పక్కన చదునుగా ఉంటుంది కదా అని. అక్కడ రోడ్డు కొండలెక్కి దిగుతుందని తర్వాత తెలిసింది. మా ఖమ్మంలో ఎక్కడానికి ఖిల్లా మెట్లు తప్ప ఏమున్నాయి? అందుకని రెండో శనివారాలు, సెలవు రోజులు నేనే అడవి ఊరికి బస్సెక్కేదాన్ని. అక్కడ రోడ్డు గుట్టల మీదుగా పోతుంది. ఇరుపక్కల టేకు చెట్లు, ఇప్ప చెట్లు. మేము మొదలుపెట్టింది ఇప్పపువ్వు రాలే రోజుల్లో. పొద్దున్నే గంపలతో పువ్వు ఏరుకునే ఆడవాళ్ళు తల ఎత్తి చూసేవాళ్ళు. వాళ్ళలో ఒక పెద్దామె మొదటి రోజు నిజంగానే కంగారు పడి రోడ్డు మీదికొచ్చింది.

"ఎవలన్న ఎంట పడ్డరా?" అంది మా వెనక్కి చూస్తూ.

"లేదమ్మా, ఊరికే ఉరుకుతున్నం" అంది మా తోటికోడలు.

"ఊరికే ఉరుకుడేంది?" అని ఆమె తమ భాషలో మిగతావాళ్ళకు చెప్పింది. గుట్ట మొత్తం నవ్వింది. నవ్వాక సొరకాయ బుర్రలోంచి నీళ్ళు పోసింది. ఆ రోజు నుంచి మేము కనబడితే చాలు, ఎవరో ఒకరు పరిగెత్తినట్టు చేతులూపి వెక్కిరించేవాళ్ళు. నాకు కోపం వచ్చేది, మా తోటికోడలు తిరిగి చేతులూపేది.

అసలు ఇబ్బంది ఇంట్లో వచ్చింది. పరుగు ఆదివారం.

"ఆరాధన ఇడిసిపెట్టి ప్యాంట్లేస్కొని ఉరుకుతరా? ఇంటి కోడండ్లు జేసే పనేనా గిది?" అంది అత్తమ్మ. నేను ఏదో అనబోతే, "నువ్వు పెద్దదానివి, నీకన్న బుద్ధుండొద్దా?" అని నా నోరు మూయించింది. వారం రోజులు మాతో ముక్తసరి మాటలే. ఆ తర్వాత హఠాత్తుగా, "ఏం జేస్తున్రో నేనూ వచ్చి సూస్త" అని నాతో పాటు అడవి ఊరికి బయలుదేరింది.

గుట్ట కింద కల్వర్టు మీద గొడుగేసుకుని, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేము ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. ఇట్లా ఎన్నిసార్లని, ఎక్కడికీ పోకుండా? ఆమె ముఖంలో ఆ ప్రశ్న కనబడుతూనే ఉంది. ఒక దిగుడులో మా తోటికోడలు కంకర మీద జారి బోర్లా పడింది. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి నెత్తురొచ్చింది.

"లేవకు! గాడనే కూసో! నేనొస్తున్న!" అని అత్తమ్మ కేకలేస్తూ గొడుగు వదిలేసి లేచింది. ఆమె రెండడుగులు వేసేలోపు ఈమె లేచి, దుమ్ము దులుపుకుని, మళ్ళీ గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. అత్తమ్మ అట్లాగే నిలబడిపోయింది. తిరుగు బస్సులో దారి పొడుగునా ఆ మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది.

మరునాడు చర్చిలో సాక్ష్యాల వేళ ఆమె లేచి నిలబడింది. ఆడవాళ్ళ వరసంతా ఆమె వైపు తిరిగింది.

"విశ్వాసంతోని చెప్తున్న" అంది. "నా కోడండ్లిద్దరు సముద్రం ఒడ్డున గుట్టలెక్కి దిగి నలభై రెండు కిలోమీటర్లు ఉరికిన్రు. ఇద్దరు క్షేమంగ ముగించిన్రు. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం" అన్నారు అందరూ, ఒక్క క్షణం ఆలస్యంగా. ఆరాధన అయ్యాక సగం మంది మేము నిజంగానే పరిగెత్తి వచ్చామనుకుని చేతులు కలిపారు. పాస్టరమ్మ మెడల్ చూపించమంది. మిగతా సగం మందికి మామయ్య సంగతి గుర్తుంది. వాళ్ళు ఏమీ అనకుండా నా భుజం తట్టి పోయారు.

ఇంటికి రాగానే మా తోటికోడలు అడిగేసింది. "ఎందుకు చెప్పినవ్ అత్తమ్మా? రేపు కాకపోతే?"

"కాకపోతే ఏమైతదో నాకెరుకే బిడ్డా" అంది అత్తమ్మ. అని, అన్నం గిన్నె దింపడానికి లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి నా పరుగు నాది కాకుండా పోయింది. అలసిపోయినప్పుడు ఇంతకు ముందు ఆగిపోయేదాన్ని. ఇప్పుడు ఆగుదామనుకోగానే, తల వంచుకుని పాటల పుస్తకం తిప్పే మనిషి కళ్ళముందుకొచ్చేది. ఇంకోసారి ఆమెకు ఆ గతి పట్టనివ్వకూడదు అనుకునేదాన్ని.

విశాఖలో చీకటితోనే పరుగు మొదలైంది. ఒకవైపు సముద్రం మోత, ఒకవైపు కొండల నలుపు. తెల్లారేసరికి సముద్రం మీద ఎర్రగా సూర్యుడొచ్చాడు, పక్కన పరిగెత్తే కుర్రాళ్ళు ఆగి ఫోటోలు తీసుకున్నారు. మేము ఆగలేదు. మొదటి కొండ ఎక్కినప్పుడు నాకు గర్వంగానే ఉంది. మా అడవి గుట్టతో పోలిస్తే ఇది ఏపాటిది అనుకున్నాను. మా పక్కన ఒక తెల్లమీసాల ఆయన, "బాగా ఎక్కుతున్నారండీ, కొండల వాళ్ళా?" అన్నాడు. "కొండల పక్కనోళ్ళం" అన్నాను. ఆయన నవ్వి ముందుకు పోయాడు.

మేము లెక్కలో వేసుకోనిది గాలిని. మా దగ్గర చెమట పడితే ఆరుతుంది. అక్కడ ఆరదు. ఒళ్ళంతా ఉప్పు, కళ్ళల్లో ఉప్పు, బట్టలు తడిసి బరువు. సగం దూరం తిరిగి వెనక్కి వస్తుంటే ఎండ నెత్తికెక్కింది. ఒక్కో కొండ పోయేటప్పుడు దిగిందే, వచ్చేటప్పుడు ఎక్కాల్సి వచ్చింది. నేను కొండను పైకే తిట్టాను. ఆదివారం పూట రాకూడని మాటలే వచ్చాయి. వల ఆరబెట్టుకుంటున్న జాలరి ఒకాయన ఆ మాటలు విని చేసే పని ఆపాడు.

చివరి కొండ మీద మా తోటికోడలు నిలబడిపోయింది. రెండు తొడలూ పట్టేశాయి. ఎక్కడం ఎలాగో ఎక్కింది కానీ, దిగుడులో ఒక్క అడుగు వేస్తే కేక పెట్టింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి బస్సు వచ్చింది. పరుగులో అందరికన్నా వెనకబడిన వాళ్ళను ఎక్కించుకునే బస్సది. ఎక్కితే హాయిగా సీటు, నీళ్ళు, నీడ. ఎక్కితే పరుగు పోయినట్టే. గడువు దాటితే ముగింపు గీత దగ్గర గేటు కూడా మూసేస్తారు.

"ఎక్కేయండమ్మా, ఎందుకొచ్చిన కష్టం?" అన్నాడు డ్రైవరు, మంచిగానే.

"నువ్వు పో అక్కా" అంది మా తోటికోడలు. కళ్ళల్లో నీళ్ళు. "ఒక్కలమన్న చేరాలె గద. నేను బస్సెక్కుత."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇద్దరు అన్నది అత్తమ్మ. ఇద్దరు ముగించిన్రు అన్నది. ఒక్కతి పోయి ఏం చేస్తది?" అని అరిచాను. "అటు తిరుగు. ఎనకకు నడువు."

ముందుకు దిగితే పట్టేసే తొడలు, వెనక్కి తిరిగి దిగితే కొంత ఊరుకుంటాయి. అడవి గుట్ట మీద ఎన్నోసార్లు అట్లా దిగాం. ఆమె కొండపైకి ముఖం పెట్టి నిలబడింది. నేను ఆమె వెనక చేరి, కిందికి దారి చూస్తూ, నడుము పట్టుకున్నాను. అట్లా అడుగు అడుగు వెనక్కి వేసుకుంటూ దిగాం. ఆమెకు ఎదురుగా బస్సు. మేము ఎంత దిగితే అది అంత మెల్లగా దిగుతోంది. డ్రైవరూ ఆమే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కొండంతా దిగారు. కొంచెం సేపటికి ఆయనకు నవ్వాగలేదు, ఆమెకూ ఆగలేదు. ఏడుస్తూనే నవ్వింది. కొండ అడుగుకు చేరగానే ఆయన హారన్ కొట్టి, "ఇక పదండమ్మా, పదండి! చదునే!" అని అరిచాడు. బస్సు నిండా ఉన్న ఓడిపోయినవాళ్ళందరూ కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి చప్పట్లు కొట్టారు.

చదును మీద ఆమె తిరిగి నిలబడి, నా చెయ్యి పట్టుకుని పరిగెత్తింది. దాన్ని పరుగంటే పరుగు నొచ్చుకుంటుంది, కానీ మేము పరిగెత్తాం. గేటు దగ్గర తాళ్ళు విప్పుతున్న మనుషులు మమ్మల్ని చూసి విప్పడం ఆపారు. మైకులో ఎవరో మా నంబర్లు అరిచారు. ఇద్దరం ఒకేసారి గీత దాటాం. మెడలో మెడల్ పడింది. నేను రోడ్డు మీద కూలబడి పసిపిల్లలా ఏడ్చాను. గెలిచినవాళ్ళు మా కన్నా ఎంతో ముందు ఇళ్ళకు పోయి స్నానాలు చేసి ఉంటారు. అయినా ఆ క్షణంలో ఆ ఒడ్డున మా కన్నా గొప్పవాళ్ళెవరూ లేరనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

"అత్తమ్మకు ఫోన్ చెయ్ అక్కా" అంది మా తోటికోడలు.

"ఆరాధన నడుస్తుంటది. ఫోన్ ఇంట్ల పెట్టిపోతది, ఎత్తదు."

"ఎత్తకుంటే ఎత్తకపాయె. మోగనీ."

చేశాను. ఒక్క మోత పూర్తిగా మోగలేదు, ఎత్తింది.

"అయిందా?"

ఆదివారం, ఆరాధన వేళ, ఆమె ఇంట్లో ఉంది. పెళ్ళయిన నాటి నుంచి నేను చూడని సంగతి. కొడుకుల్నీ పిల్లల్నీ పంపించి, తాను చర్చి చీర కట్టుకుని, ఫోన్ ముందర పెట్టుకుని కూర్చుందని తర్వాత తెలిసింది. మా సంగతి తెలియకుండా ఆ మనుషుల మధ్యకు పోయే ధైర్యం చాలలేదు.

"అయింది అత్తమ్మా."

"ఇద్దరిదా?"

"ఇద్దరిది. కలిసే వచ్చినం."

ఏడుస్తోందేమో అనుకుని నేను ఊరడించే మాటలు వెతుక్కుంటున్నాను. అంతలో కుర్చీ జరిగిన చప్పుడైంది.

"సాక్ష్యాలు ఇంకా అయిపోయి ఉండయ్. జల్దీ పోతే అందుత" అంది. తలుపేసిన చప్పుడు, గేటు చప్పుడు వినబడ్డాయి. ఫోన్ పెట్టేయడం మరిచిపోయింది. నేను స్పీకర్ పెట్టాను. సముద్రం హోరులో ఇద్దరం చెవులు రిక్కించి విన్నాం. చెప్పులు టపటపా కొట్టుకుంటున్నాయి, ఊపిరి ఎగపోస్తోంది. ఇంతలో గొంతు చించుకుని ఒక కేక వినబడింది.

"ఓ ఆటో! ఆగు నాయనా! ఉరికొస్తున్న కనబడ్తలేదా!"