సారు లెక్క తప్పిన చోట

మా పీహెచ్‌డీ గైడు సారు పోయారని ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. లాలాపేట్‌లో వాళ్లింటికి వెళ్లి చూసి వచ్చాను. చేతులు రెండూ పొట్టమీద కదలకుండా ఉన్నాయి. ఆ చేతులు ఊరికే ఉండటం నేనెప్పుడూ చూడలేదు. దానికే ఏడుపొచ్చింది.

తొంభైల మొదట్లో యూనివర్సిటీలో మా కెమికల్ ఇంజనీరింగ్ ల్యాబులో మనిషెత్తు గాజు గొట్టం ఒకటి ఉండేది. అందులో సన్నటి పొడి. కింది నుంచి గ్యాసు పంపితే పొడి లేచి, ఎసరు మరిగినట్టు కుతకుతలాడేది. గ్యాసు పొడిని తాకితేనే రసాయన చర్య జరిగి వేరే గ్యాసుగా మారేది. రోజూ రాగానే సారు ఆ గొట్టానికి అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవారు. గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో నేను డిపార్ట్‌మెంటుకున్న ఒకే ఒక్క కంప్యూటరును వదలకుండా కూర్చుంటే, "ఏందమ్మా, అంకెలు తర్వాత. ముందుగాల గీడ చెయ్యి పెట్టు" అన్నారు. పెట్టాను. లోపల బుడగలు గుద్దుకుంటూ పైకి పోవడం అరచేతికి తెలిసింది.

ఆ గొట్టంలో ఎంత గ్యాసు మారుతుందో చెప్పే మోడలు సారు రాసిందే. ఆయనకు పేరు తెచ్చిన లెక్క అది. దాన్ని ప్రయోగంతో రుజువు చెయ్యడం నా పని. రుజువు కాలేదు. గ్యాసు జోరు పెంచినకొద్దీ, లెక్క చెప్పినదానికన్నా తక్కువే మారుతోంది. లీకేమోనని గొట్టం విప్పి మళ్లీ బిగించాను. అదే తంతు. చివరికి తార్నాక బస్టాపులో బిక్కుబిక్కుమంటూ ప్రింటవుట్లు ఆయన చేతిలో పెట్టాను. నా పీహెచ్‌డీ అక్కడితో సరి అనుకున్నాను.

ఆయన చదువుతుండగానే బస్సు వచ్చింది. సారు చెయ్యెత్తారు. నిండుగా ఉన్న బస్సు ఆగకుండా పోయింది.

"చూసినవా? బస్సయితే వచ్చింది, మనం గీడనే ఉన్నం. పెద్ద బుడగల ఎక్కిన గ్యాసు గట్లనే పోతది, పొడిని ముట్టకుండ. నేనేమో బుడగలన్నీ ఒకటే సైజు అనుకున్న. లీకు లేదమ్మా. తప్పు నా లెక్కలనే ఉన్నది."

"అయితే థీసిస్‌లో ఈ చాప్టరు తీసేద్దామా సార్?"

"తీసేస్తే సంతకం పెట్ట. పా, చాయ్ తాగుదాం."

బుడగలు పైకి పోతూ కలిసి పెద్దవవుతాయని లెక్కలో చేర్చి మోడలు మళ్లీ రాశాం, పోట్లాడుకుంటూనే. ఆయనకు కోపం ముక్కుమీదే ఉండేది. గ్రాఫు గీత వంకర పోతే కాగితం విసిరేసేవారు. ఆ చాప్టరులో నేను మర్యాద కోసం 'పాత మోడలు' అని రాస్తే కొట్టేసి, తన పేరు రాయించారు. ఆ ఒక్క కొట్టివేతకే నేను బతికున్నన్నాళ్లూ ఆయనకు దండం పెట్టుకుంటాను.

వైవా రోజు, బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు సరిగ్గా ఆ పేజీ దగ్గర ఆగారు.

"మేమంతా క్లాసులో చెప్పే మోడలిది. ఇది తప్పని ఎవరన్నారమ్మా?"

వెనక ఎక్కడో కుర్చీ కిర్రుమంది. తిరిగి చూశాను.

చివరి వరసలో, స్టూడెంట్ల మధ్య, మా సారు చెయ్యెత్తి ఉన్నారు.