డబ్బా వెనకవైపు చదవమన్న మేడమ్

ఈ రోజు బుధవారం, కార్తీక పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు. పొద్దున నేను హాస్టల్ వరండాలో తల దువ్వుకుంటుండగా మేడమ్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నాకు ఆశ్చర్యం వేసింది. మేడమ్ ఎప్పుడూ ఫోన్ చేయరు. మెసేజి పెడతారు, అదీ పూర్తి వాక్యాల్లో, చివర చుక్కతో సహా. సంతోషంగా ఎత్తి "చెప్పండి మేడమ్" అన్నాను. అవతల మగగొంతు వినిపించింది.

"నేనమ్మా, మీ మేడమ్ ఇంటాయన్ని. మీ మేడమ్ లేదమ్మా. తెల్లారుజామున ఎదలో నొప్పి అనింది. ఆటో వచ్చేలోపలే అయిపోయింది."

ఏం మాట్లాడాలో తెలియక "సరే సార్" అన్నాను. అలాంటి మాటకు 'సరే' అని ఎవరైనా అంటారా? మాటల మీద నాకు ఇంత ప్రేమ ఉండి కూడా, కావలసినప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు.

మేడమ్ మాకు ఇంటర్మీడియెట్‌లో కెమిస్ట్రీ చెప్పారు. పుట్టింది కుప్పంలో, కాపురం పుంగనూరులో, ఉద్యోగం మదనపల్లెలో. రోజూ బస్సులో వచ్చి బస్సులో పోయేవారు. మాది తంబళ్లపల్లె దగ్గర ఒక మెట్ట పల్లె. మాకు వేరుశనగ చేను, గొర్రెల మంద ఉన్నాయి. ఇంటర్ అయిపోయి నేను డిగ్రీలో చేరాక కూడా మేడమ్ నన్ను వదల్లేదు. కారణం, ఆమె మొదలుపెట్టిన పని ఒకటి సగంలో ఉండిపోయింది. అది మా అమ్మ ముఖం. దాని గురించి చెప్పే ముందు మేడమ్ గురించి కొంచెం చెప్పాలి.

ఒక శుక్రవారం ఆమె మాకు వింత హోంవర్కు ఇచ్చారు. ఇంట్లో ముఖానికీ చేతులకీ రాసుకునే వాటి ఖాళీ డబ్బాలు, ట్యూబులు తెమ్మన్నారు. సిగ్గుపడుతూనే తెచ్చాం. ల్యాబులో యాసిడ్ సీసాల పక్కన స్నో డబ్బాలు, లోషన్ బాటిళ్ళు, పిల్లల క్రీములు, సన్‌స్క్రీన్ ట్యూబులు వరసగా నిలబడ్డాయి. మేడమ్ ఒక్కొక్కదాన్నీ తీసి వెనక్కి తిప్పి పెట్టారు.

"ముందువైపు అమ్మేవాళ్ళది. వెనకవైపు కొనేవాళ్ళది. మనం మనది సదవకుండా వాళ్ళది సదువుతాం" అన్నారు.

వెనకవైపు అక్షరాలు చీమల బారులా ఉంటాయి. మేడమ్ కళ్ళకు అవి ఆనేవి కావు. "నువ్వు సదువు పాపా, నీ గొంతు బాగుండాది" అని నాకు ఇచ్చేవారు. నేను గట్టిగా చదివేదాన్ని. గ్లిజరిన్, నియాసినమైడ్, టైటానియం డయాక్సైడ్, శాలిసిలిక్ యాసిడ్. అర్థం తెలియకముందే ఆ శబ్దాలు నాకు నచ్చాయి. మొదట రాసింది ఎక్కువగా ఉంటుందనీ, చివర రాసింది చాలా కొంచెమే ఉంటుందనీ ఆ రోజే తెలిసింది. దాదాపు ప్రతి క్రీములోనూ మొదటి పేరు 'ఆక్వా'. అదేదో గొప్ప మందు అనుకున్నాం. నీళ్ళట.

"అయితే మేము నీళ్ళు కొంటాండామా మేడమ్?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది.

"ముక్కాలు భాగం నీళ్ళేనమ్మా. మీ బోరు నీళ్ళ కన్నా వాసన బాగుంటాది, అంతే!"

ఇంకో అమ్మాయి తన దగ్గర ఉన్నది కెమికల్స్ లేని క్రీమని గొప్పగా చెప్పింది. మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయారు. "నీళ్ళూ కెమికలే, నువ్వూ కెమికలే. నిన్ను కూడా బయటికి పంపాలా ఏమి?" అన్నారు. ప్యారాబెన్ విషమని ఫోనులో చూశానని ఒకరంటే, "ఊరగాయలో ఉప్పు యాల ఏస్తారు? బూజు పట్టకుండా. దీని పనీ అదే. ఎంత ఏసినారని అడుగు, పేరు సూసి పరిగెత్తొద్దు" అన్నారు. గ్లిజరిన్ నీటిని పిలుచుకొస్తుందనీ, పెట్రోలియం జెల్లీ ఎవరినీ పిలవదు గానీ కూరగిన్నె మీద మూతలా ఉన్న తడిని పోనివ్వదనీ చెప్పారు. 'ఫ్రాగ్రెన్స్' అనే పేరు దగ్గర మాత్రం ఆమె కొంచెం ఆగేవారు. పెళ్ళి బస్సులో 'అందరూ మావాళ్ళే' అని ఒక్క మాట చెప్పి ఎంతమందినో ఎక్కించినట్టు, ఆ ఒక్క మాట కింద ఎన్ని ఎక్కుతాయో బయటివాళ్ళకు తెలియదు. ఒంటికి పడనివాళ్ళు ఆ మాటను చూసుకోవాలన్నారు.

టమోటా రేటు పడిపోయిన రోజుల్లో మా హాస్టల్లో అందరూ ముఖాలకు టమోటా రుద్దుకునేవాళ్ళం. మార్కెట్ యార్డు బయట పారబోసిన కాయలకు కొదవ లేదు. మరుసటి రోజు మా ఎర్రటి చెంపలు చూసి "రైతుకు మండితే మీకూ మండాలనా? అది పులుపమ్మా, దాన్ని కూరలో ఏసుకోండి" అని మందలించారు.

ఒకసారి ఒక క్రీము మీద నేను 'లనోలిన్' అని చదివాను. "ఇది నీకు తెలిసిందే" అన్నారు. తెలియదన్నాను.

"మీ తాత గొర్రెలకు ఉన్ని కత్తిరిస్తాడు గదా. ఆ పొద్దు ఆయన చేతులెట్లుంటాయి?"

"జిడ్డుగా ఉంటాయి మేడమ్. మెత్తగా కూడా."

"ఆ జిడ్డే ఇది. శుభ్రం చేసి, పేరు పెట్టి, డబ్బాలో పెట్టినారు."

ఆ వారం ఇంటికి వెళ్ళినప్పుడు దొడ్లో ఒక నల్ల గొర్రె మెడలో వేళ్ళు పెట్టి చూశాను. వేళ్ళకు అంటిన జిడ్డును ముక్కు దగ్గర పెట్టుకుని, మా తాతకు వినపడేలా "లనోలిన్" అన్నాను. "గొర్రెకు పేరు పెడతాండావా మే?" అన్నాడాయన. పుస్తకంలో మాటలు మా దొడ్లో కూడా బతుకుతాయని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే. అప్పటినుంచి మాటలను వదలలేకపోతున్నాను.

మేడమ్‌కు మాత్రం ఒక బలహీనత ఉండేది. మల్లె వాసన పౌడరు. మెడ మీద తెల్లగా కనిపించేంత దట్టంగా వేసుకునేవారు. "దీంట్లో ఏముంది మేడమ్?" అని ఒకరు అల్లరిగా అడిగితే, "దీంట్లో మా నాయన ఉండాడు. కుప్పం సంతలో తెచ్చిచ్చేవాడు. దీన్ని వెనక్కి తిప్పొద్దు" అన్నారు.

ఇప్పుడు అమ్మ సంగతి.

ఎండలో పని చేసి చేసి అమ్మ చెంపల మీద మంగు వచ్చింది. మా పక్కింటామె ఒక ట్యూబు చెప్పింది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చారు. రాసిన కొన్నాళ్ళకే మంగు పోయి అమ్మ ముఖం తెల్లబడింది. చేలో ఆడవాళ్ళంతా "ఏం రాస్తాండావు?" అని అడుగుతుంటే అమ్మ మురిసిపోయింది. ఏడాది దాటాక చెంపలు ఎర్రబడ్డాయి. చర్మం ఉల్లిపొర లాగా పలచబడి సన్నటి నరాలు కనిపించసాగాయి. గడ్డం మీద నూగు వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చోలేకపోయేది, ఎండలో నిలబడలేకపోయేది. అప్పటినుంచి కళ్ళు మాత్రం కనపడేలా కొంగు చుట్టుకుని తిరుగుతోంది. ఎవరడిగినా "ఎండ" అంటుంది.

కాలేజీలో తల్లిదండ్రుల మీటింగుకు కూడా అలాగే వచ్చింది.

"యాలమ్మా మొగం కప్పుకున్యావు?" అని మేడమ్ అడిగారు.

"ఎండ మేడమమ్మా."

"రూములో ఎండ యాడుంది?"

మేడమ్ తలుపు మూసి వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నారు. అమ్మ ఒకసారి తలుపు వైపు చూసి, నడుము దగ్గరి చిన్న సంచీలోంచి ట్యూబు తీసింది. మేడమ్ దాన్ని నాకిచ్చారు. నేను చదివాను. మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్. పక్కన నిలువుగా ఒక ఎర్ర గీత ఉంది. డాక్టరు రాయనిదే అమ్మకూడదని దాని అర్థమట.

"మూడూ మంచి మందులే. డాక్టరు సూసి, ఇన్నాళ్ళని చెప్పి ఇచ్చేవి. నువ్వు దీన్ని స్నో మాదిరి ఏండ్లు రాస్తాండావు. మొదటిది స్టెరాయిడ్డమ్మా, అదే నీ తోలును పలచన చేసింది."

అమ్మ ఒప్పుకోలేదు. "రాసినన్నాళ్ళు సల్లగుంటాది మేడమమ్మా. మొన్న నేనే మానేస్తే మొగమంతా మంట, చీముపొక్కులు. మళ్ళా రాస్తేనే తగ్గింది. మానితే రోగం, రాస్తే గుణం. అట్లయితే మందు మంచిదనే గదా?"

మేడమ్ కోప్పడలేదు. "గొర్రెపిల్లకు పాలెట్ల మాన్పిస్తావమ్మా?" అని అడిగారు.

"మెల్లగా. ఒక పూట ఇడిచి, ఇంకో పూట ఆపి. ఒక్కతూరి మాన్పిస్తే పిల్ల అరిసి సస్తాది, తల్లికి పొదుగు గడ్డ కడతాది."

"అరిసిందని, జీవమున్నన్నాళ్ళు పాలే ఇస్తావా?"

అమ్మ నవ్వింది. కొంగు కాస్త జారింది. "అదెట్ల మేడమమ్మా, గడ్డి తినాల గదా."

"నీ తోలు ఇప్పుడు అరుస్తాండాది. దాన్ని మాన్పించే పద్ధతి డాక్టరుకు తెలుసు. నీయంతట నువ్వు మానొద్దు, నీయంతట నువ్వు రాయొద్దు. కుప్పంలో నాకు తెలిసిన చర్మం డాక్టరమ్మ ఉండాది. పోదాం పా, నేనూ వస్తా."

అమ్మ తల ఊపింది గానీ వెళ్ళలేదు. చేలో చెనిక్కాయలు పీకాలంది. గొర్రెలు ఈనుతున్నాయంది. అసలు సంగతి ఒక రోజు నాకు చెప్పింది. "డాక్టరు ముందర కొంగు తీయాల. మందు మాన్పిస్తే మళ్ళా మంట, పొక్కులు. అప్పుడు ఊరంతా సూస్తాది. తెల్లబడాలని రాసుకునిందంట అని నవ్వుతారు." మేడమ్ వారం వారం మెసేజి పెట్టేవారు. "అమ్మ ఏమంటున్నారు? తొందరపెట్టవద్దు. కానీ మరిచిపోనివ్వవద్దు." పోయిన ఆదివారం కూడా పెట్టారు. జవాబుగా "ఇంకా లేదు మేడమ్" అని రాశాను.

ఈ రోజు పొద్దున అమ్మకు ఫోన్ చేస్తే మొదటి బస్సుకే మదనపల్లె వచ్చేసింది. ఇద్దరం పుంగనూరు వెళ్ళాం. మేడమ్ ఇంటి ముందు జనం నిలబడి ఉన్నారు. స్నానం చేయించి లోపల పడుకోబెట్టారు. ముత్తైదువలు పసుపు పూయాలని మేడమ్ ఆడబిడ్డ ఒక్కొక్కరినీ పిలుస్తూ, గుమ్మం దగ్గరున్న అమ్మను కూడా పిలిచింది. అమ్మ వెళ్ళి మేడమ్ తల దగ్గర కూర్చుంది. పసుపు గిన్నెలో వేళ్ళు ముంచింది. మరి ఆ ముఖం ముందు కప్పుకుని ఉండలేకపోయిందో ఏమో, ఎడమ చేత్తో తన కొంగు తీసేసింది. మేడమ్ నుదుటి నుంచి చెంపల మీదుగా, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు మెల్లగా పసుపు రాసింది. నల్లటి, నున్నటి చెంపలు. వాటి రంగును దాచాలని ఆమె ఏనాడూ ఏదీ రాసుకోలేదు.

పక్కనున్న ఒక పెద్దామె అమ్మను చూసి ఉలిక్కిపడింది. "ఏమైందమ్మా నీ మొగానికి? కాలిందా?"

'ఎండ' అంటుందనుకున్నాను.

"ట్యూబు రాసుకున్యా పెద్దమ్మా. మంగు పోతాదని. పోయింది, దాంతోటి తోలూ పోయింది. ఈ తల్లి సూపిచ్చుకోమని సెప్పింది. నేనే పోలేదు" అని అమ్మ ఏడ్చింది.

గోడ పక్కనుంచి ఒక గొంతు వచ్చింది. మేడమ్ ఎదురింటామె. "ఎర్ర గీత ఉంటాదే, అదేనా? మా కోడలు రాస్తాండాది. పెండ్లికి ముందర మొదలుపెట్టింది." ఇంకొకామె తన చెల్లెలి సంగతి చెప్పింది. పెద్దామె గదిమింది. "శవం ముందర స్నోల మాటలేందే?" కానీ ఆడబిడ్డ కళ్ళు తుడుచుకుంటూ అంది: "మాట్లాడుకోనీ అత్తా. మా వదినకు ఇవే గదా మాటలు. లేసి కూర్చుంటాదేమో."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆపనూ లేదు.

మీ ఇంట్లో కూడా అలాంటి ట్యూబు ఉండవచ్చు. ఉంటే వెనక్కి తిప్పి చూడండి. చదవడం రాకపోతే చదవడం వచ్చిన పిల్లనడగండి. ఈ మాట మీకు మేడమ్ చెబితే ఇంకా బాగుండేది.

సాయంత్రం అన్నీ అయ్యాయి. పుంగనూరులోనే ఉన్న మా చిన్నమ్మ ఇంటికి వచ్చి, వాకిట్లోనే తలమీద నీళ్ళు పోసుకుని లోపలికి వచ్చాం. నీళ్ళకు అమ్మ ముఖం మండింది. పళ్ళ బిగువున ఓర్చుకుంది. ఇప్పుడు నేను ఇది రాస్తుంటే మెట్ల మీద కూర్చుని తడి జుట్టు ఆరబెట్టుకుంటోంది. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నారు. చూస్తే చూడనీ అన్నట్టు కూర్చుంది.

"కుప్పం బస్సు పొద్దున ఎన్నింటికే?" అని ఇందాక చిన్నమ్మను అడిగింది. ఎదురింటామె, ఆమె కోడలు కూడా బస్టాండుకు వస్తామన్నారట. డాక్టరమ్మ దగ్గర నేను మందుల పేర్లు చదవాలి, అమ్మ ఎన్నాళ్ళు రాసిందో చెప్పాలి, కోడలు భయపడితే అమ్మే ముందు కూర్చోవాలి. పనులన్నీ అమ్మే పంచింది. తర్వాత చాలాసేపు దారిని చేత్తో గాల్లో గీసి చూసుకుంది.

"పొద్దున ఎండ ఎడం పక్క కొడతాది పాపా. బస్సు రాంగానే నువ్వు ఎక్కి కుడి పక్క కిటికీ పట్టు. కొంగు లేకుండా కూసుంటా. గాలి తగలాల."