వెంకాయమ్మత్త ఓటు కోసం జగ్గయ్యపేట దాకా

1962 ఎన్నికలప్పుడు నేను బెజవాడలో గుమాస్తాని. ఓటు మాత్రం జగ్గయ్యపేట అవతల మా పల్లెలోనే ఉండేది. దానికోసం ఒక సెలవు పాడుచేసుకునే ఉద్దేశం నాకు లేదు. కంటి వైద్యానికి ఆ ఊరినించే వచ్చి మా ఇంట్లో ఉన్న మేనత్త వెంకాయమ్మ ఊరుకుంటేగా! మా వైపు అంతకుముందు అసెంబ్లీ ఎన్నికలు 1955లో; అప్పుడు అభ్యర్థికొక పెట్టె ఉండేది. నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేస్తే ఓటు పడ్డట్టే. అత్త ఆ కాగితాన్ని పెట్టె మీద భక్తిగా పెట్టి, పైన ఒక బంతిపువ్వు ఉంచి, దణ్ణం పెట్టుకుని వచ్చేసింది. అది లెక్కలోకి రాదని మర్నాడు తెలిసి రెండు రోజులు అన్నం ముట్టలేదు. “ఆస్తిలో నాకేం పంచారు గనక? కరణానికీ నాకూ సమానంగా వచ్చింది ఇదొక్కటే. దాన్నీ పారేసుకున్నా” అని ఏడేళ్ళుగా అంటూనే ఉంది.

తెల్లవారుజామున ఐదున్నర బస్సెక్కాం. ఇద్దరికీ టిక్కెట్లు నాలుగు రూపాయల లోపే. ఇబ్రహీంపట్నం దాటి కంచికచర్ల చేరేదాకా నేను పాఠం చెబుతూనే ఉన్నాను. “నీ గుర్తున్న పెట్టె చూసుకో అత్తా. కాయితం కన్నంలోకి పూర్తిగా దిగేదాకా తొయ్యి.” ఆమె బుద్ధిగా తల ఊపింది. కండక్టరు నవ్వి, “ఎవరికేస్తారేంటి మామ్మగారూ?” అన్నాడు. “టిక్కెట్లు కొట్టడం నీ పని నాయనా, ఓటు నా పని” అంది అత్త. ఇంక అతను మా సీటు వైపు రాలేదు.

ఏడున్నరకి నందిగామలో బస్సు ఆగింది. హోటల్లో ఇడ్లీ వాయి అప్పుడే దింపుతున్నారు. “ప్లేటు పెట్టమంటారా అమ్మా?” అని వంటాయన అడిగాడు. “ఓటు పడ్డాక వస్తా. అందాకా మంచినీళ్ళు కూడా ముట్టను” అంది. నేను మాత్రం రెండు ప్లేట్లు లాగించాను. తొమ్మిదింటికి జగ్గయ్యపేటలో దిగి, రూపాయికి ఎడ్లబండి మాట్లాడుకుని, కళ్ళాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటుకి తుమ్ముకుంటూ పదిన్నరకి ఊళ్ళో బడి దగ్గర దిగాం.

ముందు నేను వెళ్ళాను. కాగితం ఇస్తూ అధికారి, “చూడండీ, లోపల...” అనబోతే, “తెలుసండీ, నాకిది మొదటిసారి కాదు” అన్నాను. తడిక చాటున పెట్టెలు లేవు. బల్ల మీద ఒక ముద్ర, సిరా దిమ్మ ఉన్నాయి. మా ఆఫీసులో దొరగారి ముద్ర ముట్టుకుంటే గుమాస్తా ఉద్యోగం ఊడుతుంది. మనకెందుకని దాన్ని తాకకుండా, కాగితం మడిచి, తడిక ఇవతల కనిపించిన ఒకే ఒక్క పెట్టెలో వేసి దర్జాగా గుమ్మం దాటాను.

వెనకే అత్త గొంతు ఖంగుమంది. “నా గుర్తున్న పెట్టె ఏదయ్యా? ఏడేళ్ళనించి కాచుకున్నా. పెట్టె చూపించందే కదల్ను!” వెనక వరసలో గొణుగుడు మొదలైంది. అధికారి విసుక్కోలేదు. “ఈసారి గుర్తులన్నీ ఈ కాయితం మీదే ఉన్నాయమ్మా. లోపల ముద్దరుంది. మీకు నచ్చిన గుర్తు మీద గుద్ది, మడిచి, ఈ పెట్టెలో వెయ్యండి.” ఆమె మూడుసార్లు చెప్పించుకుంది. గుమ్మం అవతల అదంతా నా చెవిన పడింది. పరుగున వెనక్కి వెళ్ళి ఇంకో కాగితం అడిగితే, “పెట్టెలో పడ్డది తీయలేమండీ” అన్నాడాయన.

సాయంత్రం తిరుగు బస్సు నందిగామలో ఆగితే అత్త నాలుగు ఇడ్లీలు తృప్తిగా తిని, “గట్టిగా గుద్దావురా?” అంది. సిగ్గుతో చచ్చిపోతూ నిజం చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తన మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. “అయిదేళ్ళు ఆగరా. నేను ఏడేళ్ళు ఆగలేదూ?”

ఆ ఎన్నికలు ఎప్పుడో అయిపోయాయి. ఎవరు గెలిచారో, ఎంత తేడాతో గెలిచారో చెప్పే పాత పట్టికలున్నాయి. వాటిలో గెలిచినాయన పేరు కన్నా ముందు నా చూపు అడుగున ఉండే ‘చెల్లని ఓట్లు’ గడి మీద పడుతుంది. చదువుకున్నవాణ్ణి నేను అందులో ఉన్నాను. వేలిముద్ర వేసే మా అత్త పై గళ్ళలో, చెల్లిన ఓట్ల లెక్కలో ఉంది. ఓటు కోసం ఈ దారిన సొంతూరు వెళ్ళేవాళ్ళకు ఒకటే మాట. ఎన్నిసార్లు వేసినా సరే, పోలింగు బూత్‌లో చెప్పేది చివరిదాకా విని లోపలికి వెళ్ళండి. 1967లో తెల్లారకముందే మా తలుపు తట్టి అత్త అన్నదీ ఇంచుమించు ఇదే. “లేవరా, బస్సుకి టైమవుతోంది. ఈసారి పాఠం నేను చెప్తా.”