ఫోన్ కట్ చేసే చెయ్యి

మా టీచర్ పోయారు. ఆదివారం రాత్రి నిద్రలోనే గుండె ఆగిందని డాక్టర్ అన్నాడు. మాకు తెలిసింది మాత్రం మంగళవారం పొద్దున, గుమ్మంలో నిన్నటి పాల ప్యాకెట్ కూడా అలాగే ఉందని పాలతను పక్కింటివాళ్ళను లేపాక.

ఆమె నాకు బడిలో పాఠాలు చెప్పలేదు. నేను ఇంటర్ తప్పి, మందుల గోడౌన్‌లో అట్టపెట్టెలు మోసేవాణ్ణి. ఆమె రిటైరై, మోండా మార్కెట్ వెనక సందులో ఒక్కరే ఉండేవారు. ఒకరోజు ఆమెకు మందులిచ్చి వస్తుంటే, నా ఫోన్‌లో ప్రోగ్రామింగ్ పాఠం చూసి కూర్చోమన్నారు. ఇంగ్లీషులో ఎర్రర్ కనబడితే నేను చిరాకుపడి మూసేసేవాణ్ణి.

"ముందు చదవరా. అది నిన్ను తిట్టట్లేదు. ఎక్కడ ఆగిపోయిందో చెబుతోందంతే" అనేవారు.

టీచర్‌కి రోజూ ఒక పని. ఒంటరిగా ఉండే ఏడుగురు ముసలివాళ్ళు పొద్దున ఏడులోపు ఆమెకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. బతికే ఉన్నామని దానర్థం. ఆమె కాల్ కట్ చేసి నోట్‌బుక్‌లో టిక్కు పెట్టుకునేవారు. కాల్ రాకపోతే ఆటో ఎక్కి ఆ ఇంటికి వెళ్ళేవారు. వాళ్ళలో బొల్లారం తాతకు ఓసారి వార్నింగ్ కూడా ఇచ్చారు: "మళ్ళీ మర్చిపోతే వచ్చి మీ ఇంట్లో పాలన్నీ కాఫీ పెట్టుకుని తాగేస్తా."

"గట్లయితే రోజూ మర్చిపోతా టీచరమ్మా" అన్నాడు తాత.

ఆమె తిరగలేకపోతున్నారని, గోడౌన్‌లో పడేసిన తెర పగిలిన లాప్‌టాప్ తెచ్చి, ఉచితంగా దొరికే చిన్న ఏఐని దానిలో ఎక్కించి, ఆమె ఫోన్‌కి కలిపాను. కాల్స్ అదే చూసుకుంటుంది. ఎవరిది రాకపోతే మా ఇద్దరికీ మెసేజ్ పెడుతుంది. ముసలివాళ్ళకు మాత్రల వేళ గుర్తుచేస్తుంది. అంతా ఆ లాప్‌టాప్‌లోనే నడుస్తుంది కాబట్టి నెలనెలా ఎవడికీ అద్దె కట్టే పని లేదు, వాళ్ళ జబ్బుల సంగతి ఆమె గది దాటదు. "వాళ్ళ గుట్టు బయటికి పోకూడదురా" అని టీచర్ పెట్టిన షరతు అదొక్కటే.

కాల్ కట్ చేయడం కూడా మెషిన్‌కే నేర్పాను. "అదైనా నాకు ఉంచరా" అన్నారు.

"ఎందుకు టీచర్ తక్లీఫ్? జెర పడుకోండి" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సోమవారం ఏడు కాల్స్ వచ్చాయి. మెషిన్ ఏడూ కట్ చేసి, "అందరూ క్షేమం" అని రాసింది. మంగళవారం కూడా అంతే. పక్కనే మంచం మీద ఆమె ఉన్నారు.

నిద్రలో పోయిన మనిషిని ఎవరు ఆపుతారు అంటున్నారు అందరూ. ఆ ఓదార్పు నాకొద్దు. ఒక పగలు, రెండు రాత్రులు ఆమె అలా ఒక్కరే ఎందుకుండాలి? ఇలాంటి మెషిన్లు ఇంట్లో పెట్టుకునేవాళ్ళు మీలోనూ ఉంటారు. అందుకే రాస్తున్నాను.

సమాధుల తోటలో ఆ ఏడుగురిలో ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"సోమారం పొద్దుగాల సుత నా ఫోన్ కట్ చేసింది గదా బిడ్డా. మంచిగనే ఉన్నదనుకున్న."

అప్పుడు తెలిసింది నాకు. టీచర్ కట్ చేయడం వాళ్ళకు జవాబు, తనూ బతికే ఉన్నానని. నేను ఊడబీకింది ఆ జవాబునే.

చెప్పకుండా ఊరుకోవచ్చు. చెప్పేశాను. "అది టీచర్ కాదవ్వా. నేను పెట్టిన మెషిన్."

అవ్వ చెయ్యి వదిలేసింది. కొత్త మట్టికేసి చూసింది. "గిట్లెందుకు జేసినవ్ రా" అంది. తిట్టినా బాగుండేది. తర్వాత అడిగింది: "రేపటి సంది మేమెవరికి ఫోన్ కొట్టాలె?"

నా నంబర్ ఇచ్చాను.

లాప్‌టాప్ ఇప్పుడు నా గదిలో ఉంది. మాత్రలు అదే గుర్తుచేస్తుంది. కాల్ మాత్రం నేనే కట్ చేస్తాను, పనికెళ్ళే దారిలో, స్టేషన్‌లో రైలు కోసం నిలబడి. అవ్వ కాల్ అన్నిటికంటే చివర వస్తుంది. నేను ఆలస్యం చేస్తే మిగతావాళ్ళలా తనే పెట్టేయదు. నేను కట్ చేసేదాకా మోగిస్తూనే ఉంటుంది. ఒక్కోరోజు నేనూ వెంటనే నొక్కను. రైలు వచ్చి ఆగుతుంది, జనం నన్ను తోసుకుని ఎక్కుతుంటారు, అరచేతిలో ఫోన్ ఇంకో రింగు మోగుతుంది.