నీడలో ఒక్కరికే చోటు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన తరువాతి వేసవిలో నన్ను బెంగళూరు ఆఫీసు నుంచి బళ్ళారి శాఖకు టెస్టింగ్ లీడ్‌గా పంపారు. మాది కంప్యూటర్ ఆటలు తయారు చేసే చిన్న కంపెనీ. టెస్టింగ్ లీడ్ అంటే ఆటలో లోపాలు పట్టేవాళ్ళకు పెద్ద; హోదాలో డిజైనర్ కింద, జీతంలో ఇంకా కింద. కానీ అతను ఒప్పుకోనిదే ఆట గడప దాటదు. అందువల్ల ఆఫీసులో నాకు మర్యాద దొరికేది, స్నేహితులు దొరికేవాళ్ళు కాదు. శాఖ బజారులో ఒక హోల్‌సేల్ బట్టల అంగడి మీది అంతస్తులో ఉండేది. పదవీ విరమణకు ముందు నేను చేసిన చివరి పెద్ద పని అక్కడే జరిగింది. జనానికి నచ్చిన ఆటకు రెండో భాగం ఎలా ఉంటే బాగుంటుందని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. నాకు తెలిసినదంతా ఆ వేసవిలో తెలుసుకున్నదే.

మా ఆట ఫస్ట్ పర్సన్ షూటర్ రకం. ఇందులో ఆడేవాడు తన పాత్రను బయటి నుంచి చూడడు, ఆ పాత్ర కళ్ళతోనే అంతా చూస్తాడు. తెర మీద తనవిగా కనిపించేవి తుపాకీ పట్టిన రెండు చేతులే. కథ వేరే గ్రహం మీద, పాడుబడిన ఒక గనిలో నడుస్తుంది. అక్కడి ఎండ మనిషిని నిలువునా మాడ్చేస్తుంది. తుపాకీ పేల్చిన ప్రతిసారీ దాని వేడి కూడా ఒంటికే ఎక్కుతుంది. కాబట్టి నీడలో చల్లబడి, బయటికొచ్చి, కాపలా యంత్రాలతో పోరాడి, మళ్ళీ ఇంకో నీడ చేరుకోవాలి. సూర్యుడితో పాటు నీడలూ కదులుతుంటాయి. మధ్యమధ్య చెవిలో రేడియో మీద ఒక ముసలి మెకానిక్ గొంతు వినిపిస్తుంది. ఎడమ పక్క బండ ఉంది, దాని వెనక్కి రా అని దారి చెబుతాడు. మనిషి మాత్రం ఎక్కడా కనిపించడు. మేము దాన్ని నీడాట అనేవాళ్ళం.

ఈ ఆలోచన ఎక్కడిదని బయటివాళ్ళు అడిగితే మా యజమాని తిప్పారెడ్డి నవ్వేవాడు. ఆయనది ఎమ్మిగనూరు దగ్గర వరి పండించిన కుటుంబం. తరువాత లారీలు నడిపారు, ఆ తరువాత ఈ ఆటల్లోకి దిగారు. "ఏందప్పా, మే నెల్లో మన బజార్లో జనం ఎట్ల నడుస్తారో సూడలేదా? ఈ అంగడి నీడలో నుంచి ఆ అంగడి నీడలోకి పోతాండారు కదా. మన శారదమ్మ దాన్నే తెర మీద పెట్టింది" అనేవాడు. శారద మా ప్రధాన డిజైనర్. ఆ బజారులోనే తరాలుగా వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం పిల్ల. బెంగళూరులో పెద్ద ఉద్యోగం వదిలి, నీడాట కోసమే సొంత ఊరికి వచ్చింది.

నేను వచ్చేటప్పటికి మొదటి నీడాట విడుదలై జనానికి నచ్చింది. దాని రెండో భాగానికి పెట్టుబడి పెట్టిన సంస్థ ముంబైది. దాని ప్రతినిధి మొదటి ఆట మీద వచ్చిన ఫిర్యాదులన్నీ వడగట్టి తెచ్చాడు. అందరూ ముక్తకంఠంతో తిట్టింది ఎండనే. మాటిమాటికీ ఆగాల్సి వస్తోంది, చిరాకుగా ఉంది అన్నారు. కాబట్టి రెండో భాగంలో మీట నొక్కగానే ఒళ్ళు చల్లబడే సూటు ఇవ్వాలి, తుపాకులు పెంచాలి, గ్రహాలు పెంచాలి అని అతని ఆదేశం. మా వృత్తిలో గేట్ అనే పద్ధతి ఉంది. ఆట సగంలో ఉండగా, అప్పటికి తయారైనదాన్ని పెట్టుబడిదారు స్వయంగా ఆడి చూసి, ముందుకు పోనివ్వాలా వద్దా తేలుస్తాడు. ఈ గేట్ దాటకపోతే ఆటను పూణేలోని మరో బృందానికి ఇస్తామని, బళ్ళారి శాఖ మూసేస్తామని అతను ముందే చెప్పాడు. ఆ రోజు శారద నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఉద్యోగం యాడన్నా దొరుకుతాది సార్. ఆ ముసలాయప్ప గొంతు ఇంకొకరి చేతికి పోతే నాకు మల్లా దొరకదు" అంది. ఆ మాట నాకు లోపల గుచ్చుకుంది. అయినా టెస్టర్ పక్షం వహించకూడదు కనుక, కొత్త ఆట పరీక్షకు ఎప్పుడు వస్తుందని మాత్రం అడిగాను.

ఆదేశం ప్రకారం సూటు పెట్టి తయారు చేసిన ఆటకు ప్లేటెస్ట్ పెట్టాం. ఆటతో సంబంధం లేని మనుషులను పిలిచి ఆడించి చూడటమే ప్లేటెస్ట్. తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ టౌన్‌షిప్ నుంచి వారపు సెలవు రోజున కొందరు వచ్చారు, కుడతిని విద్యుత్ కేంద్రం కాలనీ నుంచి ఇంకొందరు. వాళ్ళలో మొదటి ఆట ఆడినవాళ్ళూ ఉన్నారు, పేరు కూడా విననివాళ్ళూ ఉన్నారు. నా నియమం ఒకటే. ఆడేవాడి వెనక నిలబడినవాళ్ళు నోరు విప్పకూడదు. వాడు దారి తప్పినా, గోడను గుద్దుకుంటూ తిరిగినా సాయం చెప్పకూడదు. తెరను చూడటానికి వేరే మనుషులుంటారు, నేను చూసేది చేతులను. మొదటి ఆటను బెంగళూరులో పరీక్షించినప్పుడు నీడ దాటి బయటికి వచ్చే ముందు ప్రతివాడి వేళ్ళూ ఒక్క క్షణం ఆగేవి, ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఈసారి ఎవరి వేళ్ళూ ఆగలేదు. మొదలుపెట్టినవాళ్ళు మొదలుపెట్టినట్టే కాల్చుకుంటూ పోయారు.

ఆట అయ్యాక అందరూ మెచ్చుకున్నారు. మరుసటి వారం మళ్ళీ రమ్మంటే మాత్రం తలా ఒక సాకు చెప్పారు. క్రేన్ నడిపే హనుమంతప్ప అని ఒకాయన మొదటి ఆటకు వీరాభిమాని. ఆయనను నిలదీశాను. "బాగుండాది సార్, బాగలేదని ఎవరన్నారు? మల్లా రావల్లంటే... సూస్తాంలే సార్" అని చెప్పులు వేసుకున్నాడు. మొహమాటం కొద్దీ అన్న మాట అది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

నేను రాసిన నివేదిక సారాంశం ఇది. ఎండ బాధ లేకపోతే నీడకు విలువ లేదు. నీడకు విలువ లేనప్పుడు బండలు, గోడలు, పడిపోయిన షెడ్లు ఇవన్నీ వట్టి అలంకారం. జనం ఫిర్యాదు చేసింది నిజమే, కానీ తిట్టుకుంటూనే ఆట పూర్తి చేశారు. ఆ తిట్టుకున్నదాన్ని తీసేస్తే పూర్తి చేయాలన్న పంతమూ పోయింది. నివేదిక చదివి శారద సూటును తీసిపారేసింది. ఎండను మళ్ళీ పెట్టింది. నేను అప్పుడూ తల అడ్డంగానే ఊపాను. కొత్త గ్రహం, కొత్త తుపాకులు ఉన్నా ఆడుతుంటే అది మొదటి ఆటే, పాత చింతకాయ పచ్చడి. ఆమెకు కోపం వచ్చింది. "తీసినా తప్పే, పెట్టినా తప్పేనా? ఏం చేయల్లో మీరే చెప్పండి సార్" అంది. చెప్పడం నా పని కాదన్నాను. నిజానికి నాకూ తెలియదు. తెలిసినట్టు ముఖం పెట్టడం మాత్రం ఆ ఉద్యోగంలో త్వరగానే వస్తుంది.

కొన్నాళ్ళ తరువాత ఒక ఉదయం ఆమె కొత్త బిల్డ్ పంపింది. అప్పటిదాకా అయిన పనిని ఆడటానికి వీలుగా కట్టి ఇచ్చేదాన్ని బిల్డ్ అంటారు. అందులో రేడియో గొంతుగా మాత్రమే తెలిసిన ఆ ముసలి మెకానిక్ ఇప్పుడు మనిషిగా మన పక్కనే నడుస్తున్నాడు. నీడలు చిన్నవయ్యాయి. కొన్నింటిలో ఇద్దరు పడతారు, గని లోపలికి పోయేకొద్దీ ఒక్కరికే చోటు. మనం ముందు దూరితే అతను బయట ఎండలో నిలబడతాడు. అలా ఎక్కువసేపు నిలబడితే కూలిపోతాడు. దారి చెప్పడానికి మునుపటిలాగే రేడియోలో మాట్లాడతాడు కానీ తన కోసం ఒక్క మాట అడగడు.

నేను దాన్ని లోపంగా నమోదు చేశాను. మొదటి ఆట ఆడనివాళ్ళకు అతను ఎందుకు పడిపోయాడో అర్థం కావడం లేదు, వేడిగా ఉందని అతని చేత ఒక మాట అనిపించండి అని రాశాను. శారద ఒప్పుకోలేదు. "అడిగితే ఎవరైనా ఇస్తారు సార్. అడగకుండా సుమ్నే నోరు మూసుకోని ఉన్నోనికి ఇస్తామా లేదా, అదే కదా ఆట" అంది. కారణం తెలియని చావు ఆటగాడికి అన్యాయమని నేను పట్టుబట్టాను. ఇద్దరమూ పట్టువదలని రకమే. చివరికి ఆమె ఆట మొదట్లో వచ్చే నీడలను మార్చింది. అక్కడ ప్రతిసారీ ముసలాయన తానే బయట నిలబడి, మనల్ని లోపలికి రమ్మని చెయ్యి ఊపుతాడు. ఆ చేతి చర్మం కందిపోతూ ఉంటుంది. ఒక్క మాట చేర్చకుండానే కొత్తవాళ్ళకు విషయం తెలిసింది. నేను లోపం కొట్టేశాను. ఇంకో చిన్న మార్పు కూడా చేశానని శారద రాసి పంపింది. అతను పడిపోయాక ఆట ఆగదు, అతని రేడియో మాటలు మాత్రం ఉండవు. చదివి సరేనన్నాను. అది ఎంత పెద్ద మార్పో కాగితం మీద నాకు తెలియలేదు.

గేట్ రోజున ప్రతినిధి వచ్చాడు. సూటు లేదని, పక్కన ముసలాయన నడుస్తాడని విని మొహం చిట్లించాడు. పక్కవాడికి నీడ ఇచ్చి ఎండలో నిలబడితే ఆటగాడికి ఏమి వస్తుంది, పాయింట్లా, తుపాకీయా అని అడిగాడు. ఏమీ రాదని శారద చెప్పింది. అలాంటప్పుడు ఎవరు ఇస్తారని నవ్వి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి ఆటలో అతను చెయ్యి తిరిగినవాడు. మేము వెనక నిలబడ్డాం. నా నియమం యజమానికీ వర్తిస్తుంది కనుక తిప్పారెడ్డి కూడా గోడకు ఆనుకుని మౌనంగా ఉన్నాడు. శారద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

ప్రతినిధి అలవాటు కొద్దీ ప్రతి నీడలోకీ తానే ముందు దూరాడు. చకచకా కాల్చుకుంటూ పోయాడు. గని లోతట్టులో, ఒక్కరికే చోటున్న బండ దగ్గర, ముసలాయన బయట నిలబడి నిలబడి ఒరిగిపోయాడు. ప్రతినిధి దాన్ని గమనించాడో లేదో తెలియదు. ముందుకు పరుగెత్తాడు. ఎదురుగా బయలు వచ్చింది. ఎండ మండిపోతోంది, కనుచూపు మేరలో నీడ లేదు. అతను అక్కడ ఆగి ఎదురుచూశాడు. ఎడమకా కుడికా అని గొంతు చెప్పాలి కదా. ఏమీ వినిపించలేదు. హెడ్‌ఫోన్లు తీసి వైరు సరిగ్గా ఉందో లేదో చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. శబ్దం పోయిందని చెప్పడానికి మా వైపు తిరగబోయి, సగంలో ఆగిపోయాడు. తెర మీద అతని చేతులు ఎండకు కాలిపోయి పాత్ర చచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

అతను ఆటను అక్కడి నుంచి కొనసాగించవచ్చు. అలా చేయకుండా మొదటికి వెళ్ళాడు. ఈసారి ఒక్కరికే చోటున్న బండ దగ్గరికి రాగానే పక్కకు తప్పుకుని, ఎండలో నిలబడ్డాడు. శారద గది బయటికి వెళ్ళిపోయింది. గేట్ దాటినట్టు అతను సాయంత్రం కాగితం మీద రాసిచ్చాడు గానీ, మాకు అక్కడే తెలిసిపోయింది.

ఆ తరువాత నేను చాలా ఆటల రెండో భాగాలు చూశాను. ఎక్కువ భాగం తుపాకుల లెక్కలోనే మునిగిపోయాయి. మొదటి భాగం ఆడేవాడి చేతికి ఒక అలవాటు నేర్పుతుంది. దాన్ని తీసేస్తే ఆట చస్తుంది, అలాగే ఉంచితే పాతబడుతుంది. ఆ అలవాటు వల్ల పక్కన ఎవరు నష్టపోతున్నారో చూపించగలిగితేనే రెండో భాగం తీయాలి. అది దొరకకపోతే మొదటి భాగంతో ఆపేయడం మంచిది.